స్వలింగ ఆకర్షణ ఉన్నదని చెప్పుకున్న యువకుడిని క్వయర్ నుంచి, ప్రభువు బల్ల నుంచి తొలగించవచ్చా?

ప్రశ్న: పాస్టరేట్ కమిటీ సభ్యుడు, సికింద్రాబాద్

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. సికింద్రాబాద్‌లోని ఒక సి.ఎస్.ఐ. సంఘంలో నేను పాస్టరేట్ కమిటీ సభ్యుడిని. ఆ యువకుడిని ఎవరూ గుర్తుపట్టకూడదన్న ఉద్దేశంతో సంఘం పేరు రాయడం లేదు, కొన్ని వివరాలను కావాలనే మార్చాను. సండే స్కూలు రోజుల నుంచి మా కళ్ల ముందే పెరిగి, ఇప్పుడు క్వయర్‌లో పాడుతున్న ఒక యువకుడు, తనకు స్త్రీల మీద కాక పురుషుల మీద ఆకర్షణ కలుగుతున్నదని, దాని నుంచి విడిపించమని ఏళ్ల తరబడి ఉపవాసముండి ప్రార్థించినా అది పోలేదని సంఘ పెద్ద ఒకరికి ఏకాంతంగా చెప్పుకున్నాడు. అతడికి ఎవరితోనూ సంబంధం లేదు. ఉన్నదని ఎవరూ ఆరోపించలేదు కూడా. ప్రార్థన కోరి చెప్పిన ఆ మాట ఆ పెద్ద దగ్గర ఆగకుండా ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి కమిటీ సమావేశంలో చర్చకు వచ్చింది.

అతడిని క్వయర్ నుంచి తప్పించి, మారుమనస్సు పొందేవరకు ప్రభువు బల్లకు, అంటే ప్రభురాత్రి భోజన సంస్కారానికి, రానివ్వకూడదని కొందరు ప్రతిపాదించారు. ఊరి బయట జరిగే ఒక విడుదల ప్రార్థన కూటానికి పంపితే చాలునని మరికొందరన్నారు. తల్లిదండ్రులు మాత్రం పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. నేను వాక్యాన్ని పక్కన పెట్టి సలహా అడగడం లేదు. ఈ విషయంలో సంఘాలు అసలు ఏమి బోధిస్తున్నాయో, మనసులో ఉన్న ఆకర్షణకు, చేసిన క్రియకు మధ్య తేడాను లేఖనం ఎలా చూస్తుందో, మా కమిటీ ఏమి చేయడం న్యాయమో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత ప్రెస్బిటర్ (సంఘ గురువు), వేదాంత కళాశాల పూర్వ అధ్యాపకుడు, రామ్‌నగర్

మన సంఘం బోధ ఏమిటన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే కమిటీలో మాట్లాడేవారు చాలామంది దానిని సగమే చెబుతారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఏకమైన ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు ఇతర దేశాలలో నేడు ఈ విషయం మీదనే చీలిపోతున్నాయి. మన వివాహ ఆరాధన క్రమం మాత్రం ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదానినే వివాహంగా ఎంచుతున్నది. ఇంగ్లండు సంఘపు సంప్రదాయంతో ముడిపడిన ప్రపంచ సంఘాల ఆంగ్లికన్ కూటమిలో మనం సభ్యులం గనుక, 1998 లాంబెత్ సమావేశంలో ప్రపంచ బిషప్పులు ఆమోదించిన 1.10 తీర్మానాన్ని మనవారు తరచుగా ఎత్తిచూపుతారు. స్వలింగ సంపర్కం లేఖనాలకు పొసగదని ఆ తీర్మానం చెబుతున్న మాట నిజమే. అయితే అలాంటి ఆకర్షణ గలవారి అనుభవాన్ని ఆలకించడానికి కట్టుబడి ఉన్నామని, వారిని దేవుడు ప్రేమిస్తున్నాడని, బాప్తిస్మం పొంది విశ్వాసంలో నమ్మకంగా ఉన్న ప్రతివారూ, వారి లైంగిక ఆకర్షణ ఏదైనప్పటికీ, క్రీస్తు శరీరంలో పూర్తి సభ్యులని కూడా అదే తీర్మానం అదే చోట చెబుతున్నది. అంటే మనకు తెలిసిన కఠినమైన తీర్మానాన్ని ప్రమాణంగా తీసుకున్నా, ఆకర్షణ ఉన్నదని ఒప్పుకున్నంత మాత్రాన ఒక విశ్వాసిని బల్ల నుంచి దూరం చేయడానికి అందులో ఆధారం దొరకదు. ఈ ఒక్క విషయాన్ని మీ కమిటీ ముందు గట్టిగా చెప్పండి.

ఆ తర్వాత జరిగినది కూడా తెలుసుకోవడం మంచిది. 2003లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పురుష సహచరుడితో బహిరంగంగా జీవిస్తున్న జీన్ రాబిన్సన్‌ను బిషప్‌గా అభిషేకించడంతో ఆంగ్లికన్ కూటమిలో పెద్ద సంక్షోభం వచ్చి, 2008లో యెరూషలేములో సంప్రదాయవాదుల గాఫ్‌కాన్ సమావేశానికి దారి తీసింది. ఇంగ్లండు సంఘపు జనరల్ సినడ్ 2023 ఫిబ్రవరిలో, వివాహ సిద్ధాంతాన్ని మార్చకుండానే, స్వలింగ జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలకు సమ్మతించింది. స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు పొసగదని 1972లో తన నియమావళిలో రాసుకున్న యునైటెడ్ మెథడిస్టు సంఘం, వేల సంఘాలు విడిపోయిన తరువాత, 2024లో ఆ మాటను తొలగించింది.

ఇక నా సొంత అభిప్రాయం. స్వలింగ సంపర్కానికి ఉదాహరణగా చూపే సొదొమ పట్టణం మీద మనం చేసే ప్రసంగాలలో యెహెజ్కేలు 16వ అధ్యాయం 49వ వచనం దాదాపు వినబడదు. గర్వము, ఆహార సమృద్ధి, నిశ్చింతగా సుఖపడుతూ దీనులకు చేయి అందించకపోవడం ఆ పట్టణపు దోషమని ప్రవక్త స్పష్టంగా చెప్పాడు. సొదొమ గురించి ఆదికాండము 19లో ఉన్నది పరదేశుల మీద గుంపు తలపెట్టిన బలాత్కారం. దానిని ఏకాంతంలో కన్నీళ్లతో తన మనసు చెప్పుకున్న యువకుడికి అన్వయించడం వ్యాఖ్యానం అనిపించుకోదు. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు వర్ణించిన క్రియలు విగ్రహారాధన ఫలితంగా పుట్టినవిగా కనిపిస్తాయి. దేవుణ్ణి విడిచిపెట్టని వ్యక్తికి అది ఎలా వర్తిస్తుందో మనం నిజాయితీగా అడగవలసి ఉన్నది. సున్నతి లేని అన్యజనుల మీద పరిశుద్ధాత్మ దిగడం చూసిన తరువాత పేతురు తాను పుట్టినప్పటి నుంచి నమ్మినదానిని తిరిగి ఆలోచించినట్లే, ఈ సహోదరులలో ఆత్మఫలాలు కనబడుతున్నప్పుడు సంఘం కూడా తిరిగి ఆలోచించాలని నా నమ్మకం. ఒకప్పుడు స్త్రీలు సంఘంలో బోధించకూడదని 1 తిమోతి 2వ అధ్యాయాన్ని చూపించిన మనవారే 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ కావడాన్ని స్వీకరించారు.

జవాబు: స్వతంత్ర సంఘ కాపరి, కూకట్‌పల్లి

అయ్యగారి మీద గౌరవం ఉంచుకొనే, చివరి భాగంతో నేను ఏకీభవించలేనని చెబుతున్నాను. స్త్రీల పరిచర్యకు లేఖనంలోనే దెబోరా, ఫీబే, ప్రిస్కిల్ల సాక్షులుగా ఉన్నారు. అన్యజనుల చేరికకు ప్రవక్తల వాగ్దానం ఉన్నది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యాకోబు ఆమోసు ప్రవచనాన్ని ఎత్తి చూపి మరీ తీర్పు చెప్పాడు, పైగా అదే సభ అన్యజనుల మీద సున్నతి భారాన్ని మోపకుండానే జారత్వానికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించింది. స్వలింగ సంబంధాల విషయంలో ఆదికాండము నుంచి ప్రకటన గ్రంథం వరకు అలాంటి సాక్షి ఒక్కటీ లేదు. మత్తయి 19వ అధ్యాయంలో భార్యను విడనాడడం గురించి అడిగిన పరిసయ్యులకు ప్రభువు సృష్టి ఆరంభాన్నే జవాబుగా ఇచ్చాడు గనుక, వివాహం స్త్రీ పురుషులదన్నది మోషే కాలపు ఆచారమని కొట్టివేయడానికి వీలులేదు. రోమా మొదటి అధ్యాయం మానవజాతి అంతటి పతనాన్ని చెబుతున్నది, ఒక్కొక్కరి విగ్రహారాధనను లెక్కపెట్టడం లేదు. ఈ బోధను నేను మార్చుకోను, మా సంఘంలో మరొకలాగా బోధించను.

అయినప్పటికీ, సహోదరుడు రాసిన మూడు ప్రతిపాదనలూ తప్పని నేను కూడా అంటున్నాను. శోధన పాపం కాదు. మన ప్రధాన యాజకుడైన క్రీస్తే మనవలె సమస్త విషయాలలో శోధింపబడ్డాడని హెబ్రీ పత్రిక చెబుతున్నది. ఆకర్షణ ఉన్నందుకే బల్ల నుంచి ఆపవలసి వస్తే, 1 కొరింథీ 6లోని అదే జాబితాలో ఉన్న లోభులను, తాగుబోతులను, నోటి దురుసు గలవారిని, వారి మనసులో కలిగిన ప్రతి కోరిక కోసం ఆపవలసి ఉంటుంది. అప్పుడు కమిటీలో ఎవరు మిగులుతారో నాకు తెలియదు. ఇక విడుదల ప్రార్థన సంగతి. సువార్తలలో ప్రభువు దయ్యాలను వెళ్లగొట్టిన సందర్భాలను మొదటి నుంచి చివరి దాకా చదవండి, ఇలాంటి ఆకర్షణను దయ్యమని ఎంచి వెళ్లగొట్టిన సందర్భం ఒక్కటీ కనబడదు. ఒక యువకుడిని రాత్రంతా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తల మీద చేతులు వేసి కేకలు పెట్టి, తెల్లవారాక ఏమీ మారలేదని తెలిసినప్పుడు నీ విశ్వాసమే చాలలేదని అతడి మీదకే నెట్టడాన్ని నేను పరిచర్య అనను. ఇలాంటి మార్పును దశాబ్దాల పాటు ప్రచారం చేసిన అమెరికా సంస్థ ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013లో క్షమాపణ చెప్పి తలుపులు మూసుకున్నది.

మరొక మాట. ఒంటరిగా, పవిత్రంగా జీవించమని నేను అతడికి బోధిస్తాను గనుక, అలా జీవించడానికి మా సంఘం ఏమి సహాయం చేస్తున్నదని నన్ను అడిగే హక్కు అతడికి ఉన్నది. మన తెలుగు సంఘాలలో పెళ్లి కానివారికి స్థానమే లేదు. ముప్పై దాటిన ప్రతివారినీ ఆరాధన ముగియగానే ఇంకా పెళ్లెప్పుడని అడగడం తప్ప, పండుగ పూట మా ఇంటికి భోజనానికి రమ్మని పిలిచేవారు తక్కువ. పౌలు తానే పెళ్లి లేకుండా జీవించి, దానిని వరమని చెప్పాడు. మనం దానిని జాలిపడవలసిన లోపంగా చూస్తున్నాము. అతడి రహస్యాన్ని బయటపెట్టిన పెద్దను సామెతలు 11వ అధ్యాయం 13వ వచనం చదవమనండి. క్రమశిక్షణ కావలసింది అక్కడ.

జవాబు: స్త్రీల మైత్రి సభ్యురాలు, మల్కాజ్‌గిరి

ఇప్పటివరకు రాసిన పెద్దలందరూ ఆ యువకుడి గురించి ఆలోచించారు, సంతోషం. తల్లిదండ్రులు చూస్తున్న సంబంధాలలో ఉన్న ఆడపిల్ల గురించి ఒక్కరూ రాయలేదు గనుక నేను రాస్తున్నాను.

నా పెళ్లి సంఘంలోనే జరిగింది. వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదివి, ఈ వివాహానికి అభ్యంతరం ఏదైనా తెలిసినవారు చెప్పవలెనని ప్రతిసారీ అడిగారు. అబ్బాయి సంగతి అతడి తల్లిదండ్రులకు తెలుసు, వారికి సలహా ఇచ్చిన ఒక దైవసేవకుడికి తెలుసు. తెలియనిది నాకూ మా వాళ్లకే. పెళ్లయిన తరువాత ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు, దగ్గరికి రాలేదు. నా రంగులోనో, మాటతీరులోనో, ప్రార్థనలోనో ఏదో లోపం ఉన్నదని నేను నమ్మాను. పిల్లలు లేరని అత్తగారు నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పినప్పుడు, కారణం తెలిసిన ఆమె, పరీక్షల కోసం నా చేతికి సూది గుచ్చుతుంటే పక్కన కూర్చుని చూసింది. చివరకు ఆయనే ఏడ్చి నిజం చెప్పారు. పరస్పర సమ్మతితో విడాకులు తీసుకున్నాము. ఆయన మీద నాకు ఈ రోజు కోపం లేదు, ఆయన కూడా బలైనవారే. తెలిసి కూడా నా పెళ్లిలో ఆమేన్ అన్నవారి మీద ఇప్పటికీ ఉన్నది.

పెళ్లి చేస్తే మారతాడన్న మాటలో ఒక ఆడపిల్ల జీవితాన్ని మందులాగా వాడుకోవచ్చన్న ఆలోచన ఉన్నది. కమిటీవారికి నేను చెప్పేది ఇదే: ఆకర్షణ పాపమా కాదా అన్న చర్చ ఎటు తేలినా సరే, ఆ ఇంటి నుంచి పెళ్లి ప్రకటన కోసం కాగితం వచ్చినప్పుడు, అమ్మాయికి నిజం తెలియదని మీకు తెలిసి కూడా దానిని చదివితే, మీరు దేవుని సన్నిధిలో అబద్ధం చదివినవారవుతారు.

జవాబు: కథోలిక విశ్వాసి, అబిడ్స్

అక్కగారు రాసినదాని తరువాత సిద్ధాంతం రాయడానికి చేయి రావడం లేదు, అయినా అడిగిన ప్రశ్నలో ఉన్నది గనుక మా వైపు బోధ క్లుప్తంగా చెబుతాను. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2357 నుంచి 2359 వరకు ఉన్న అంశాలలో ఈ విషయం ఉన్నది. స్వలింగ క్రియలను అది ఏ విధంగానూ ఆమోదించదు. ఆకర్షణ గలవారిని గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలని, వారి పట్ల అన్యాయమైన వివక్ష చూపే ఏ గుర్తునూ దరిచేరనివ్వరాదని చెప్పి, వారిని పవిత్రతకు పిలుస్తుంది. ఆకర్షణ ఉన్నదన్న కారణంతో దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనం) నిరాకరించాలని అందులో లేదు. 2023 డిసెంబరులో పోపు ఫ్రాన్సిస్ గారి ఆమోదంతో వెలువడిన పత్రం, వివాహ సాంగ్యాన్ని ఏ మాత్రం పోలకుండా, ఆరాధన క్రమానికి వెలుపల అలాంటి జంటలను గురువులు దీవించవచ్చునని చెప్పింది. ఆఫ్రికా బిషప్పులు తమ ప్రాంతాలలో దానిని అమలు చేయబోమన్నారు. మా బోధను మెత్తగా చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. అలాంటి ఆకర్షణ లోతుగా పాతుకున్నవారిని గురుత్వ శిక్షణకు తీసుకోరాదన్న 2005 నాటి ఆదేశం కూడా ఉన్నది, అది ఎందరినో గాయపరిచింది. అయినా నేరం వేరు, పాపం వేరు అన్న విషయంలో మా పెద్దలు స్పష్టంగా మాట్లాడారు. 2013 డిసెంబరులో స్వలింగ సంపర్కాన్ని నేరంగా ఎంచిన 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు నిలబెట్టినప్పుడు, ముంబయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్ గారు శ్రీసభ ఇలాంటివారిని ఎన్నడూ నేరస్థులుగా ఎంచలేదని బహిరంగంగా చెప్పారు.

జవాబు: న్యాయవాది, నాంపల్లి

చట్టం గురించి అవసరమైనంత మేరకే రాస్తాను. 377వ సెక్షన్ 1860 నాటి వలస పాలకుల శిక్షాస్మృతిలోనిది. దానిని 2009లో ఢిల్లీ హైకోర్టు కుదించగా, ఆ తీర్పుకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో అపొస్తలిక్ చర్చెస్ అలయన్స్, ఉత్కల్ క్రిస్టియన్ కౌన్సిల్ వంటి క్రైస్తవ సంస్థలు కూడా ఉన్నాయి. 2018 సెప్టెంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం, వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో చేసేది నేరం కాదని తేల్చింది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహ హక్కును మాత్రం గుర్తించలేదు. కనుక ఏ సంఘాన్నైనా అలాంటి పెళ్లి జరిపించమని చట్టం బలవంతం చేస్తుందన్న భయానికి ఈ రోజు ఆధారం లేదు.

కమిటీ గుర్తుంచుకోవలసినవి మరి రెండు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన 2017 ఆగస్టు తీర్పు లైంగిక ఆకర్షణను కూడా ఆ గోప్యతలో భాగంగా చూసింది. అతడి పేరు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కడం ఎంతమాత్రం మంచిది కాదు. ఆకర్షణను మారుస్తామనే చికిత్సలు వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తాయని, మద్రాసు హైకోర్టు ఆదేశాల తరువాత, 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల వైద్య మండళ్లకు తెలియజేసింది. మల్కాజ్‌గిరి అక్కగారు చెప్పిన పరిస్థితిలో, మోసంతో సమ్మతి పొందారన్న కారణంతో వివాహాన్ని రద్దు చేయమని కోరే మార్గాన్ని 1869 నాటి విడాకుల చట్టం 19వ సెక్షన్ తెరిచే ఉంచింది.

జవాబు: పేరు చెప్పలేని విశ్వాసి, హైదరాబాద్

మీరు మాట్లాడుతున్న ఆ యువకుడిని నేను కాను, కానీ అతడివంటివాడినే. నగరంలో ఒక పెద్ద సంఘంలో వెనుక వరుసలో కూర్చుంటాను. కాపరిగారు రాసినదానిలో ప్రేమ ఉన్నదని గుర్తించాను, అందుకే ఆయనతోనే మాట్లాడుతున్నాను. అయ్యగారూ, ఒంటరి జీవితం వరమని పౌలు చెప్పినప్పుడు, అది అందరికీ ఇవ్వబడలేదని కూడా చెప్పాడు. కామతప్తులగుటకంటె పెండ్లి చేసుకోవడం మేలన్నది కూడా ఆ అధ్యాయంలోనిదే. ఇతరులకు వరంగా వచ్చేది నాకు మాత్రం పుట్టుకతో విధించిన ఆజ్ఞగా ఎలా మారింది? పద్నాలుగేళ్ల పిల్లవాడికి నీవు ఎన్నడూ ఎవరి చేయీ పట్టుకోకూడదని చెప్పి, దానితో పాటు దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని చెబితే, అతడికి మొదటి మాటే వినబడుతుంది. నాకు అదే వినబడింది. నేను సంఘాన్ని విడిచి వెళ్లకపోవడానికి కారణం కీర్తనలు, బల్ల. ఆ రెండింటినీ మీ కమిటీ అతడి నుంచి తీసివేయాలనుకుంటున్నది.

జవాబు: స్వతంత్ర సంఘ కాపరి, కూకట్‌పల్లి

తమ్ముడూ, నీ ప్రశ్నకు నన్ను నేను తృప్తిపరచుకునే జవాబు నా దగ్గర లేదు. బోధ విషయంలో నేను నిలబడిన చోటే నిలబడతాను. అది నీకు భారమని తెలిసి నిలబడతాను. నీవు ఎప్పుడైనా మాట్లాడాలనుకుంటే నిన్ను మార్చడానికి ప్రయత్నించకుండా వింటాను, విన్నది నా దగ్గరే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: పాస్టరేట్ కమిటీ సభ్యుడు, సికింద్రాబాద్

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే సమావేశంలో లాంబెత్ తీర్మానాన్ని పూర్తిగా చదివించి, క్వయర్, సంస్కారాల విషయంలో వచ్చిన ప్రతిపాదనను ఉపసంహరించుకోవాలని, అతడి ప్రస్తావన మినిట్స్‌లో లేకుండా చూడాలని కోరబోతున్నాను. రహస్యాన్ని బయటపెట్టిన పెద్ద స్వయంగా వెళ్లి అతడిని క్షమాపణ అడగాలని కూడా అంటాను. దీనికి వ్యతిరేకత వస్తుందని తెలుసు. తల్లిదండ్రులతో మాట్లాడడానికి, అక్కగారు రాసినదానిని పేర్లు లేకుండా వారికి చదివి వినిపించడానికి ఆమె అనుమతి కోరుతున్నాను. ఒక సందేహం మిగిలింది. త్వరలో మా ప్రెస్బిటర్ గారికి బదిలీ ఉన్నది. కొత్తగా వచ్చే అయ్యగారికి ఈ విషయం ముందుగా చెప్పడం మంచిదా?

జవాబు: స్త్రీల మైత్రి సభ్యురాలు, మల్కాజ్‌గిరి

తప్పకుండా చదివి వినిపించండి. వాళ్ల అమ్మగారు నాతో మాట్లాడతానంటే నేను వారి ఇంటికి వస్తాను.

జవాబు: విశ్రాంత ప్రెస్బిటర్, రామ్‌నగర్

కొత్త అయ్యగారికి మీరు గానీ, కమిటీ గానీ చెప్పవద్దు. చెప్పాలా వద్దా, ఎప్పుడు, ఎంతవరకు అన్నది ఆ యువకుడే నిర్ణయించుకోవాలి. అతడు చెప్పమంటే, అతడిని వెంటబెట్టుకొని వెళ్లండి. బదిలీ మీద వెళ్లే ప్రెస్బిటర్ గారిని కూడా ఈ విషయం నోటిమాటగానైనా, చీటీ రూపంలోనైనా ఎవరికీ అప్పగించవద్దని ముందుగానే కోరండి.